పందొమ్మిది పెంకులు

బిలాస్‌పూర్, తెలిపారా
12 జూన్ 1938

చిరంజీవి సూర్యానికి,

బావ త్రినాథరావు ఆశీస్సులు. క్షేమమా అని అడగను. పదేళ్లపాటు అడగనివాడు ఇప్పుడు అడిగితే నీకు నవ్వొస్తుంది. పని ఉండి రాస్తున్నాను.

మీ అక్క కనకానికి కొంచెం నలతగా ఉంది. నిన్ను చూడాలంటోంది. కంగారు పడేంత ఏమీ లేదు. కానీ ఆడవాళ్లు ఒకటి పట్టుకుంటే వదలరు కదా.

నువ్వు రావడానికి అడ్డేమీ లేదని చెప్పడం నా ధర్మం. మన మిత్ర పఠన మందిరంలో డెబ్భైఒక్క మంది కుండపెంకుల మీద పేర్లు గీకి, రైలింజన్ల షెడ్డులో సమ్మె కబుర్లు తెల్లదొరకి చేరవేసినవాడివి నువ్వేనని తేల్చి, నిన్ను ఊరు దాటించింది 1928 ఫిబ్రవరిలో. ఆ పద్ధతి అథెన్సు నగరంవాళ్లది. వాళ్ల చట్టంలో పెంకుల తీర్పుకి గడువు పదేళ్లు. పదేళ్లు నిండాక ఆ మనిషి దర్జాగా తిరిగి రావచ్చు. ఇల్లూ పోదు, పరువూ పోదు. నీ గడువు ఫిబ్రవరిలోనే తీరింది. మందిరం అధ్యక్షుడు రమణమూర్తికి ఈ సంగతి నేనే చెప్పాను. వాడు చట్టం ఎక్కడుందో చూపించమన్నాడు. చూపిస్తే చదవగలడా?

నా పదకోశం సగం పైన అయింది. గ్రీకులవీ రోమనులవీ రాజ్యం మాటలు, గుడి మాటలు, కట్టడం మాటలు, అన్నిటికీ తెలుగు అర్థాలు. 'డెమగాగ్' అంటే జనాన్ని నోటితో తోలుకుపోయేవాడు. ఉదాహరణకి రమణమూర్తి అని రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను. రోమనుల ప్రధాన పూజారి బిరుదుకి మొదటి అర్థం వంతెన కట్టేవాడట. ఆ లెక్కన మన అర్పా నది వంతెన ఇన్‌స్పెక్టరుకి పాదపూజ చెయ్యాలి. 'ఎంటసిస్' అని ఒక మాట ఉంది. గ్రీకులు స్తంభాన్ని నడుమ కాస్త ఉబ్బుగా చెక్కేవారు, దూరం నుంచి చూస్తే తిన్నగా కనబడాలని. దానికి తెలుగు దొరకలేదు. మీ పార్వతీపురంలో రాతిపనివాళ్లుంటారు, అడిగి రాయి.

రాయపూర్‌లో బండి మారాలి. వచ్చేముందు ఉత్తరం వెయ్యి.

త్రినాథరావు


పార్వతీపురం
25 జూన్ 1938

బావగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. మా ఆవిడకి చదివి వినిపించాను. "పదేళ్లకి మీ బావకి అక్క గుర్తొచ్చిందా, స్తంభం గుర్తొచ్చిందా?" అంది చిన్నతల్లి.

రాతిపనివాడిని అడిగాను. వంకరగా చెక్కి తిన్నగా చూపించడానికి వాళ్ల దగ్గర మాట లేదట, ఆ పని గుమస్తాలు చేస్తారట.

నేనిక్కడ బియ్యం మిల్లులో ఇంజను నడుపుతున్నాను. బాయిలరుంది, ఆవిరుంది, కూత కూడా ఉంది. కదలదు, అంతే. బిలాస్‌పూర్ షెడ్డులో ఫైర్‌మన్‌గా ఉన్నవాడు డ్రైవరై మెయిలు తోలాలనుకున్నాడు. పదేళ్లుగా ఒక్కచోటే తోలుతున్నాడు.

గడువు తీరిందన్నారు. పెంకులు లెక్కపెట్టాక మేము ఆ ఊళ్లో ఇంకా పదకొండు రోజులున్నాం. మీకు జ్ఞాపకం ఉందో లేదో. రైల్వే క్వార్టర్ల లైన్లో కుళాయి దగ్గర చిన్నతల్లి బిందె పెడితే మిగతావాళ్లు బిందెలు తీసేసుకునేవారు. ఆ పదకొండు రోజులూ అది అర్పా నదికి నడిచి నీళ్లు తెచ్చింది. నాతో ఒకే ఇంజను మీద బొగ్గు వేసిన చిన్నారావు నన్ను చూసి రోడ్డు దాటాడు. ముప్పైమూడు పెంకుల మీద నా పేరుంది. ఆ ముప్పైముగ్గురూ ఎవరో నాకు తెలియదు. అందుకని అందరూ వాళ్లే అనుకుంటూ బతికాను.

నేనొస్తాను. ఒక్కటి చెయ్యండి. ఆ పెంకులు మీ మంచం కింద గోనెసంచిలో ఉన్నాయి. నా పేరున్నవి పార్సెల్లో పంపండి. ఎవరు తాము గీకారో, చదువు రాక ఎవరు మీచేత రాయించుకున్నారో గుర్తున్నంతవరకు రాసి పెట్టండి. మీ జ్ఞాపకం నాకు తెలుసు. ఎవరి ముఖం చూడొచ్చో ఎవరిది చూడకూడదో తెలిస్తే ఆ ప్లాట్‌ఫారం మీద దిగగలను.

అక్కకి ఏమిటి జబ్బు? తిన్నగా రాయండి.

సూర్యం


బిలాస్‌పూర్
9 జులై 1938

సూర్యానికి,

గుమస్తాల మీద చెణుకు బాగుంది. ఆ గుమస్తాయే నీకు తొమ్మిదో ఏట పలక కొనిచ్చి ఓనమాలు దిద్దించాడు. అయినా పోనీ.

పెంకులు లేవు. ఎప్పుడో అర్పాలో పారబోయించాను. ఉన్నా పంపేవాణ్ణి కాదు. పెంకుల తీర్పులో ప్రాణమంతా ఎవరు రాశారో తెలియకపోవడంలోనే ఉంది. అది తెలిస్తే ఊరు ఊరుగా ఉండదు. రెండువేల ఏళ్ల నాడే వాళ్లకి ఆ వివేకం ఉంది.

మీ అక్క సంగతి తిన్నగా రాయమన్నావు. కడుపులో నీరు చేరింది. చైత్రం నుంచీ ఉంది, దాచింది. రైల్వే డాక్టరు ఒకసారి సూదితో తీశాడు. రెండు వారాల్లో మళ్లీ చేరింది. నన్ను వరండాలోకి పిలిచి, దీపావళి దాటితే గొప్పేనన్నాడు. మనిషి పీల్చుకుపోయింది, కడుపొక్కటే పెరుగుతోంది.

నిన్న నేను రాసుకుంటూంటే మంచం మీంచి పిలిచింది.

"ఏటండీ, మా సూరికి రాసినారా?"

"రాశాను."

"ఏటి రాసినారు? ఆ గిరీకు వోల కబుర్లేనా? నా కడుపు గురించి ఒక్క ముక్కయినా రాసినారా?"

"రాశానే."

"మరెందుకు రాలేదు వోడు? మీరేటో దాస్తన్నారు."

పదకోశం తిరగేశాను. 'అసైలం' అనే మాట దగ్గర తెరుచుకుంది. దేవుడి పీఠాన్ని పట్టుకున్నవాణ్ణి ఎంతటి రాజైనా ఈడ్చకూడని చోటు. మీ అక్కకి ఆ పీఠం నువ్వు. రా. పంతాలకి ఇది వేళ కాదు.

త్రినాథరావు


పార్వతీపురం
2 ఆగస్టు 1938

బావగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజు మిల్లుకి వెళ్లలేదు. చిన్నతల్లి మూట కట్టేసింది. "పద, ఎవరు రాస్తే ఏటి, అక్క ముఖ్యమా పెంకు ముఖ్యమా?" అంది. స్టేషనుదాకా నడిచాం. టిక్కెట్టు కిటికీ ముందు నిలబడ్డాను. బిలాస్‌పూర్ అనే మాట నోట్లోంచి రాలేదు. వెనకాలవాళ్లు తోస్తున్నారు. తిరిగొచ్చేశాం. దారంతా చిన్నతల్లి నాతో మాట్లాడలేదు. పిరికితనమే అనుకోండి.

మీరు పెంకులు పారబోయించారంటే నేను నమ్మను. రద్దయిపోయిన టైంటేబుళ్లు ఇరవయ్యేళ్లవి దాచిన మనిషి మీరు. ఆ రోజు లెక్క అయ్యాక మందిరంవాళ్లు పెంకులు పారేస్తామంటే, "ఇలాంటివి అథెన్సులో మట్టి కింద ఉన్నాయి, హిందూదేశంలో నా దగ్గరే ఉన్నాయి" అని మీరే సంచి మోసుకెళ్లారు. నేను వరండాలో నిలబడి విన్నాను.

మీకు ఆ పెంకులు పంపడానికి భయమెందుకు? ఆ ముప్పైముగ్గురిలో మీరున్నారా? ఉంటే ఉన్నానని రాయండి. నన్ను పెంచిన చేత్తో నా పేరు గీకారంటే బాధ పడతాను. కాని వస్తాను. తెలియకుండా మాత్రం రాలేను.

అక్కకి నా ఉత్తరం చదివి వినిపించకండి. నేను దారిలో ఉన్నానని చెప్పండి.

సూర్యం


బిలాస్‌పూర్
4 సెప్టెంబరు 1938

సూర్యం,

నెలరోజులు పట్టింది ఈ ఉత్తరానికి. ఈ నెలలో మీ అక్కకి రెండుసార్లు నీరు తీశారు. నువ్వు దారిలో ఉన్నావని రోజూ చెప్తున్నాను. "ఏ ఊరొచ్చినాడు?" అని అడుగుతోంది. మొదటి వారం రాయపూర్ అన్నాను. తర్వాత ఊళ్లు అయిపోయాయి.

సంచి పార్సెల్ చేశాను. రసీదు ఇందులో ఉంది. డెబ్భైఒక్క పెంకులూ ఉన్నాయి. నీ పేరున్నవి మాత్రమే ఏరబోయి, మానేసి అన్నీ పెట్టేశాను.

ఇక విను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆ ఏడాది ఆదివారాలు మందిరంలో నేను గ్రీకుల గురించి చెప్పేవాణ్ణి కదా. ఒక కథ అందరికీ నచ్చింది. పెంకుల తీర్పు రోజున రాత రాని పల్లెటూరివాడొకడు ఎదురైన పెద్దమనిషికి పెంకు అందించి, ఫలానా వాడి పేరు రాసిపెట్టమన్నాడు. ఆ ఫలానావాడు ఆ పెద్దమనిషే. ఆయన మాట్లాడకుండా తన పేరే రాసి ఇచ్చాడు. నేను అది చెప్పినప్పుడు షెడ్డువాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

సమ్మె విరిగి ఆరుగురి ఉద్యోగాలు పోయాక, దొరకి పేర్లు చెప్పిందెవరో తేల్చాలని గోల లేచింది. కర్రలు కూడా లేచాయి. పెంకుల పద్ధతి నేనే పెట్టాను. అరవై పెంకులకు తక్కువ పడితే చెల్లదు, అందరికన్న ఎక్కువ ఎవరికి వస్తే వాడు ఊరు వదలాలి. చదువు రానివాళ్లేం చేస్తారని రమణమూర్తి అడిగాడు. నా దగ్గరికి రమ్మన్నాను. ఆ గ్రీకు పెద్దమనిషిలాగే చెప్పింది చెప్పినట్టు రాస్తానన్నాను. ఒక్కడు కూడా సందేహించలేదు. ఆ కథ చెప్పినవాణ్ణి నేనే గదా.

వరండా చివర బల్ల వేసుకుని మేకు పట్టుకుని కూర్చున్నాను. మొదట ముగ్గురు నలుగురు వేరే వేరే పేర్లు చెప్పారు, రాశాను. ఒకడు నీ పేరు చెప్పాడు, రాశాను. నువ్వు దొర బంగళాకి బొగ్గు తోలించేవాడివి, అందుకని కొందరికి అనుమానం. తర్వాత ఇంజన్లు తుడిచే అప్పలస్వామి వచ్చాడు.

"బాబూ, తవఁరి పేరే రాయండి."

"నా పేరా?"

"మరేటి? దొర గదిలోకి ఎల్లొచ్చేవోలు ఇంకెవులున్నారు? కోపగించుకోకండి. నాకు రాత రాదు, తవఁరికొచ్చు. ఆ గిరీకు బాబు రాసినాడు గదా, తవఁరూ రాయండి."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. మేకు పెంకు మీద పెట్టాను. అంతకుముందు రాసిన పేరే నా చెయ్యి మళ్లీ రాసింది. నీ పేరు. వాడు తీసుకుని, గీతలు చూసి, కళ్లకద్దుకుని కుండలో వేశాడు.

ఆ తర్వాత ఇంక చెయ్యి ఆగలేదు. మొత్తం ముప్పైఒక్క మందికి రాశాను. అందులో పందొమ్మిది మంది నా పేరు చెప్పారు. కొందరు తలొంచుకుని, కొందరు నా కళ్లలోకి చూస్తూ. పందొమ్మిదింటి మీదా నీ పేరే రాశాను. లెక్కలో నీకు ముప్పైమూడు, నాకు పదకొండు. నిజం లెక్క నాకు ముప్పై, నీకు పద్నాలుగు.

వాళ్ల అనుమానం నిజమేనా అని అడుగుతావు. దొర హాజరు పట్టిక అడిగాడు. మోప్కా మామిడితోటలో సమ్మె సభకి వెళ్లినవాళ్ల పేర్లకి ఎదురుగా చుక్క పెట్టమన్నాడు. పెట్టాను. ఒక్క మాట నోటితో చెప్పలేదు. ఈ పదేళ్లూ నాకు నేను చెప్పుకున్నది అదే, నేను చుక్కలు పెట్టాను, చెప్పలేదు అని. అప్పటికి నాకు పించనుకి ఇంకా రెండేళ్లుంది. నువ్వు చిన్నవాడివి, ఎక్కడైనా బతుకుతావనుకున్నాను. ఆ రోజు ఇంత ఆలోచించాననుకోకు. ఇదంతా తర్వాత కట్టుకున్న గోడ.

నా పదకోశంలో రెండువేల పైన మాటలకి అర్థం రాశాను. పెంకుల తీర్పు అన్న మాట ఎదురుగా ఇప్పటికీ ఖాళీ.

ఎవరి ముఖం చూడొచ్చో రాయమన్నావు. ఆ పందొమ్మిది మంది పేర్లూ వెనక పేజీలో ఉన్నాయి. వాళ్లందరి ముఖమూ చూడొచ్చు. నాది వద్దంటే నేను వీధరుగు మీద ఉంటాను. మీ అక్క కోసం రా.

త్రినాథరావు


పార్వతీపురం
14 సెప్టెంబరు 1938

బావగారికి,

సంచి అందింది. విప్పలేదు. విప్పేది అక్క ముందే.

నాకు మీ చేతిరాత తెలియదనుకున్నారా? ఆ రోజు కుండ బోర్లించినప్పుడు నా పేరున్న పెంకులు సగానికి పైన మీ చేతివేనని చూడగానే తెలిసింది. అడిగినవాళ్లకి అడిగినట్టు రాశారనుకున్నాను. ఆ కథ నేనూ నమ్మాను. నా అనుకున్నవాళ్లు అంతమంది వరసలో నిలబడి నా పేరు చెప్పారని పదేళ్లు నమ్మాను.

గురువారం బయల్దేరుతున్నాం. స్టేషనుకి రాకండి. నేను ఆ గదిలో ఉన్నంతసేపు మీరు రాకండి.

సూర్యం


బిలాస్‌పూర్
3 అక్టోబరు 1938

సూర్యానికి,

మీరు వెళ్లి పదిరోజులైంది. చేరామని ఒక కార్డు అయినా వెయ్యలేదు.

నేను వీధరుగు మీదే కూర్చున్నాను, నువ్వు చెప్పినట్టే. తలుపు సందులోంచి కనబడింది. నువ్వు మీ అక్క మంచం మీద పెంకులు పరిచావు. తనకి చదువు రాదు. నువ్వు తన వేలు పట్టుకుని ఒక్కో పెంకు మీద పెట్టావు. "ఇది బావ రాసింది, ఇదీ బావ రాసిందే" అన్నావు. మీ అక్క ఏడవలేదు. అన్నీ అయ్యాక, "బండి పిలవరా" అంది. అంతే. నలభైరెండేళ్ల కాపురం ఆ రెండు మాటలతో అయిపోయింది. గడప దాటేటప్పుడు నా వైపు తల తిప్పుతుందనుకున్నాను. చిన్నతల్లి చెయ్యి పట్టుకుని మెట్టు చూసుకుంటూ దిగింది.

నా మీద నీకున్న కోపం న్యాయమే. కాని ఆ స్థితిలో ఉన్న మనిషిని రెండు బళ్లు ఎక్కించి తీసుకుపోవడం ఏ న్యాయం? ఆ డాక్టరు నన్ను తిట్టాడు.

ఇది కొట్టేయాలి, కాని కాగితం ఇదొక్కటే ఉంది. నేను నిన్ను నిందించడానికి రాయలేదు. నేనొస్తాను. గ్రీకుల ఇళ్లలో శరణు కోరినవాడు పొయ్యి పక్కన బూడిదలో కూర్చునేవాడు. అలా కూర్చున్నవాణ్ణి శత్రువైనా వెళ్లగొట్టడు. మీ వంటింటి బూడిదలో కూర్చుంటాను. తను నాతో మాట్లాడక్కర్లేదు. మూలుగు వినబడితే చాలు. ఇక్కడ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నేను దగ్గితే మంచినీళ్లు కావాలా అని అడిగేవాళ్లు లేక దగ్గు మధ్యలోనే ఆగిపోతోంది.

రమ్మని ఒక్క ముక్క రాయించు.

త్రినాథరావు


పార్వతీపురం
12 అక్టోబరు 1938

(అక్క చెప్తూంటే సూర్యం రాసినది. మాట మార్చలేదు.)

ఏటండీ,

నాను బాగానే చేరినాను. పడుకునే వచ్చినాను. చిన్నతల్లి గంజి కాసి పోస్తంది. ఇక్కడ డాక్టరు మందు చేదు. కడుపు అలాగే ఉంది.

మీరొస్తానని రాసినారట. రండి. కాదన్ను. కాని ఊరికే రాకండి. ఆ పందొమ్మిది మంది మిమ్మల్ని నమ్మి నోటి మాట మీ చేతిలో పెట్టినారు. మీరు ఆ మాట తినేసినారు. వోల ఇళ్లకి ఎల్లండి. ఒక్కో ఇంటికీ ఎల్లి, నువ్వు నా పేరు చెప్పినావు, నాను సూరి పేరు రాసినానని చెప్పండి. కాగితం రాసి పంపకండి. మీకు కాగితం మీద చెప్పడం సులువు. నోటితో చెప్పండి. పోయినోళ్లుంటే వోల ఆడోళ్లకి చెప్పండి.

నాకు పిల్లల్లేరు. సూరినే పెంచుకున్నాను. వోణ్ణి పదేళ్లు నా దగ్గర్నుంచి తీసినోడు ఎవుడో అని ఆ ఊళ్లో అందర్నీ తిట్టుకున్నాను. కుళాయి దగ్గర అమ్మలక్కల ముఖం చూళ్లేదు. తిట్టాల్సినోడికి రెండుపూటలా వొండి పెట్టినాను.

పందొమ్మిదీ అయినాక రండి. అప్పుడు నాను ఉంటే మాటాడతాను.

కనకం


బిలాస్‌పూర్
16 నవంబరు 1938

కనకానికి, చదివి వినిపించే సూర్యానికి,

పద్నాలుగు ఇళ్లయ్యాయి.

మొదట అప్పలస్వామి దగ్గరికి వెళ్లాను. నిలబడే చెప్పాను. వాడు చుట్ట ఆర్పాడు.

"అచ్ఛా. అంటే నా మాట తవఁరు దిగమింగేసినారన్నమాట."

"అవును."

"ఆ రోజు లెక్క చదివినప్పుడు తవఁరికి పదకొండే వచ్చినాయి. నాలాటి ఎర్రోలు పదకొండు మందే అనుకున్నాను. నానే తప్పనుకున్నాను బాబూ. అప్పట్నుంచి తవఁరు ఎదురైతే సిగ్గుతో దండం ఎట్టేవోణ్ణి."

"తెలుసు."

"ఆ దండాలన్నీ తిరిగిచ్చేయండి మరి," అని నవ్వాడు. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. వాడు నవ్వడం మానేశాడు.

చిన్నారావు తలుపు దగ్గరే నిలబెట్టాడు. అతను నా పేరు చెప్పినవాడే. ముప్పైమూడు పెంకులు చూసి, ఇంతమంది అంటున్నారంటే సూర్యమేనని మనసు మార్చుకున్నాడట. "సూర్యం రెండు ఉత్తరాలు రాశాడు. చించేశాను" అన్నాడు. ఇంకేదో అనబోయి తలుపు వేసేశాడు. తలుపు అవతల అతని ఏడుపు విని వచ్చేశాను.

మంగాయమ్మ మొగుడు పోయి నాలుగేళ్లు. ఆవిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి, లోపల్నుంచి కోడలినీ మనవణ్ణీ పిలిచింది. "ఇప్పుడు చెప్పండి. అందరూ వినాల. ఈయన చదూకున్న బాబు" అంది. చెప్పాను. మనవడికి తెలుగు సరిగా రాదు. వాడికి అర్థమయ్యేలా హిందీలో మళ్లీ చెప్పించింది. నా హిందీ అంత మంచిది కాదు. "మైనే ఝూఠ్ లిఖా" అన్నాను, అబద్ధం రాశానని. అంతకన్న మాటలు దొరకలేదు.

మిగతావి ఒక్కొక్కటీ రాయను. ఒకడు మజ్జిగ ఇచ్చాడు. అది తాగడమే అన్నిటికన్న కష్టమైంది.

ఊరంతా తెలిసిపోయింది. రమణమూర్తి నా మీద మళ్లీ పెంకులు వెయ్యాలంటున్నాడు. ఈసారి రాసిపెట్టడానికి వేరేవాణ్ణి చూసుకోమన్నాను. పాలవాడు నిన్నటి నుంచి మా ఇంటికి రావడం లేదు. కుళాయి దగ్గర నేను చెంబు పెడితే బిందెలు తీసేస్తున్నారు. చిన్నతల్లికి ఈ మాట చెప్పు సూర్యం.

ఇంకా అయిదు ఉన్నాయి. నలుగురు ఊరి చివర ఉన్నారు. అమ్మన్న తఖత్‌పూర్‌లో ఉన్నాడు, కూతురి దగ్గర. నా మోకాళ్లు రోజుకి ఒకటి కన్న సాగనివ్వడం లేదు. వారం రోజుల్లో పూర్తి చేసి బండెక్కుతాను. కనకం, వారం. ఒక్క వారం ఓపిక పట్టు. పదకోశం అటకెక్కించాను. దాని జోలికి పోవడం లేదు, ప్రమాణం.

నీ
త్రినాథరావు


పార్వతీపురం
22 నవంబరు 1938

బావగారికి,

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. అక్కకి చదివాను. మంగాయమ్మ సంగతి రెండుసార్లు చదివించుకుంది. "ఇంకా అయిదా?" అంది. చిన్నతల్లి కాళ్లు పడుతూ కూర్చుంది. సాయంత్రం దీపం పెట్టే వేళకి అక్క వెళ్లిపోయింది.

మీకు తంతి ఇద్దామనుకున్నాను. ఇచ్చినా మీరు అందుకోలేరు. రాయపూర్‌లో బండి కలిసేసరికి మర్నాడవుతుంది. తలకొరివి నేనే పెట్టాను.

పోయేముందు మీ గురించి ప్రత్యేకంగా ఏమీ అనలేదు. ఏదో అందని కల్పించి రాయవచ్చు. మన ఇంట్లో రాత చాలా చెరుపు చేసింది. రాయను.

మిగిలిన ఇళ్లకి మీరు వెళ్లక్కర్లేదు. అడిగిన మనిషి లేదు. కర్మకి వస్తే రండి, నేను తలుపు వెయ్యను. మాట్లాడతానని మాత్రం చెప్పలేను.

సూర్యం


తఖత్‌పూర్
28 నవంబరు 1938

సూర్యం,

మీకు రాసిన మర్నాడే మోకాళ్లు వాచి వారం పైన ఇల్లు కదలలేదు. నీ ఉత్తరం మూడు రోజుల కిందట అందింది. జేబులో పెట్టుకుని ఎద్దుబండిలో ఇక్కడికొచ్చాను. పార్వతీపురం బండికి స్టేషనుదాకా వెళ్లిన మాట నిజం. కిటికీ దగ్గర నీకు ఏమైందో నాకూ అదే అయింది.

అమ్మన్న కూతురింటికి సంతలోంచి వెళ్లాలి. ఈరోజు సంత. అతను మిరపకాయల బస్తాల పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు. ముప్పయ్యేళ్లు బాయిలర్లో కూర్చుని రివెట్లు కొట్టినవాడు కదా, ఇప్పుడు బొత్తిగా వినబడదు. నేను చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

"గట్టిగా చెప్పండి బాబూ!"

గట్టిగా చెప్పాను.

"ఏటీ? ఎవుల పేరు?"

"నా పేరు! నువ్వు నా పేరు చెప్పావు! నేను సూర్యం పేరు రాశాను!"

సంతలో తూకాలు ఆగిపోయాయి. బేరగాళ్లు చుట్టూ చేరారు. అర్థం కానివాళ్లకి అమ్మన్న కూతురు ఛత్తీస్‌గఢీలో చెప్తోంది. ఎవరో నవ్వారు. అమ్మన్న నవ్వలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూసి, "ఇంత దూరం ఇందుకొచ్చినారా?" అని మంచం మీద చోటు చూపించాడు. కూర్చున్నాను.

అప్పుడడిగాడు.

"కనకమ్మగారు ఎలాగున్నారు?"

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు? మెల్లగా అన్నాను.

అమ్మన్న చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

అంతమందిలో, సంత మధ్యలో, అరిచి చెప్పాను. అతనికి ఇంకా వినబడలేదు. మళ్లీ అరిచాను.

రేపు బిలాస్‌పూర్ వెళ్తాను. నాలుగు ఇళ్లున్నాయి.

త్రినాథరావు